బలం జబ్బలో లేదు తమ్ముడూ, పిర్రలో ఉంది!

రేపల్లె స్టేషన్ బయట టీ కొట్టు కాడ నిలబడి ఉంటే ఒక కుర్రోడు తన ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టాడు.

"అన్నా, ఈణ్ణి చూడు. తీగల సాహిత్ అంట, మన తెలుగోడే. జబ్బలేమీ బాడీబిల్డర్ జబ్బలు కాదు. బంతి చూస్తే మూడొందల గజాలు పోయింది. నేను రోజూ జిమ్ముకి పోతన్నా, పదిహేనంగుళాల జబ్బ చేశా. మా వీధి మ్యాచిలో నేను కొట్టిన బంతి బౌండరీ దాటదు. ఏందన్నా ఇది?"

టీ చల్లారేదాకా వాడికి చెప్పా. సగమే అర్థమైంది అన్నాడు. మిగతా సగం ఇక్కడ రాస్తన్నా. వాడొక్కడికే కాదు, తెనాలి జిమ్ముల్లో అద్దం ముందు నిలబడి ఒక్క జబ్బే పెంచుకునే తమ్ముళ్లందరికీ, పొద్దున లేచి నడుం పట్టుకుని పొలానికి పోయే అక్కలకీ, అన్నలకీ కూడా.

ముందు ఆ సాహిత్ ఎవరో చెప్పుకుందాం. అమ్మానాన్నా హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లినోళ్లు. ఈ అబ్బాయి 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. పెప్పర్‌డైన్ యూనివర్సిటీ జట్టులో ఆడాడు. 2020లో అమెరికా కాలేజీ గోల్ఫులో ఇచ్చే మూడు పెద్ద అవార్డులూ ఆ ఒక్కడే తీసుకున్నాడు. 2023 సెప్టెంబరులో నాపా అనే ఊళ్లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. అది పీజీఏ టూర్‌లో అతనికి మొదటి గెలుపు.

"గోల్ఫు మనకెందుకన్నా, అది డబ్బున్నోళ్ల ఆట" అంటారు. నిజమే. పద్దెనిమిది గుంటల గోల్ఫు మైదానానికి నూరెకరాల పైమాటే కావాలి. మన మూడూళ్లలో గోల్ఫు కర్ర పట్టుకున్న మడిసిని నేనైతే చూళ్లేదు. కానీ ఆ కర్ర తిప్పే ఒళ్లు ఉందే, అది మనదే. దాని లెక్క తెలిస్తే మన పనికీ, మన ఆటకీ, మన నడుముకీ పనికొచ్చిద్ది.

లెక్క ఒకటి చూద్దాం

గోల్ఫు బంతి బరువు 46 గ్రాములకి మించకూడదు. దూరంగా కొట్టే కర్రని డ్రైవర్ అంటారు. దాని తల బరువు సుమారు 200 గ్రాములు. పెద్ద ఆటగాడు కొట్టేటప్పుడు ఆ తల గంటకి 180 కిలోమీటర్ల వేగం మీద వచ్చిద్ది, అంటే సెకనుకి 50 మీటర్లు.

బడిలో చదివిన ఫిజిక్స్ గుర్తు చేసుకోండి. బరువులో సగాన్ని వేగంతో రెండుసార్లు హెచ్చిస్తే శక్తి వచ్చిద్ది. ఆ చిన్న తలలో అప్పటికి 250 జౌళ్ల శక్తి ఉంటది. 25 కిలోల బియ్యం బస్తాని మీటరు ఎత్తు లేపటానికి పట్టే శక్తి కూడా ఇంచుమించు అంతే.

బస్తా లేపటం ఏముంది, మనం రోజూ లేపుతాం అంటారేమో. కానీ ఇక్కడ టైము చూడండి. కర్రని పైనుంచి కిందికి తెచ్చేదానికి ఆటగాడికి దొరికేది సెకనులో పావు వంతు. అంత చిన్న సమయంలో బస్తాని మీటరెత్తు లేపాలి! అది వెయ్యి వాట్ల పని, ఒక హార్స్‌పవర్ దాటిపోయిద్ది. అదీ ఒక్క కర్ర తలకే. చేతుల్నీ మొండేన్నీ తిప్పటానికి అయ్యే ఖర్చు దీంట్లో కలపలేదు.

ఇది చేతులిచ్చే బలమేనా? 70 కిలోల మడిసికి రెండు చేతులూ ఎముకలతో సహా కలిపితే ఏడు కిలోలు. రెండు కాళ్లు ఇరవై కిలోలు దాటతయ్. మొండెం ఇంకా ఎక్కువ. కండ ఎంతుంటే అంత పని. ఏడు కిలోల చేతుల్లో బైసెప్స్ అనే కండ ఎంత? గుప్పెడు. ఆ గుప్పెడు కండని నమ్ముకుని బంతిని మూడొందల గజాలు పంపాలనుకోవటం, ఎడ్లని ఇంట్లో కట్టేసి దూడతో దుక్కి దున్నినట్టు ఉంటది.

మీరే పరీక్ష చేసుకోండి

నా మాట నమ్మబాకండి. ఒక టెన్నిస్ బంతి తీసుకుని సాయంత్రం మైదానానికి పోండి. ముందు నేల మీద కాళ్లు బారజాపి కూర్చుని విసరండి. తర్వాత మోకాళ్ల మీద నిలబడి విసరండి. తర్వాత లేచి నిలబడి, పాదాలు కదపకుండా విసరండి. ఆఖరున ఒక అడుగు ముందుకేసి, నడుం తిప్పి విసరండి. నాలుగుసార్లూ బంతి ఎక్కడ పడిందో గీత గీసుకోండి.

చెయ్యి అదే, బంతి అదే, పోయిన దూరం మాత్రం పెరుగుతా వచ్చింది. ఎందుకంటే ప్రతిసారీ ఇంకో కొత్త భాగం పనిలోకి దిగింది. మొదట్లో ఒక్క చెయ్యీ భుజమూ. తర్వాత నడుం. తర్వాత పిర్రలు, తొడలు. చివరికి భూమి కూడా.

అవును, భూమి కూడా. మనం కాలితో నేలని ఎంత తొక్కితే నేల మనల్ని అంత వెనక్కి తోసిద్ది. న్యూటన్ మూడో సూత్రం అదే. కొట్టే బలం అక్కణ్ణించే మొదలయిద్ది. వర్షం పడ్డాక బురదలో నిలబడి గొడ్డలితో కట్టె కొట్టి చూడండి. జబ్బ అదే ఉన్నా దెబ్బలో పస ఉండదు. కాలు జారితే బలం నేలలోనే ఆగిపోయిద్ది. గోల్ఫు ఆడేవాళ్ల బూట్ల కింద ముళ్లు ఉండేది అందుకే.

ఏ కండ ఎప్పుడు పనిచేసిద్ది?

దీన్ని గాలిమాటగా కాకుండా కొలిచి చూసినోళ్లు ఉన్నారు. 1980ల్లో అమెరికాలో లాస్ ఏంజిల్స్ పక్కన ఇంగిల్‌వుడ్‌లో ఫ్రాంక్ జోబ్ అనే ఎముకల డాక్టరూ, జాక్విలిన్ పెర్రీ, మారిలిన్ పింక్ అనేవాళ్లూ గోల్ఫు ఆటగాళ్ల కండల్లోకి సన్నటి తీగలు పెట్టి, కర్ర తిప్పేటప్పుడు ఏ కండలో ఎంత కరెంటు పుడతందో రాసుకున్నారు. గుండెకి ఈసీజీ తీసినట్టు కండకి తీసేదాన్ని ఈఎంజీ అంటారు. అట్టాంటి పరీక్షలు ఆ తర్వాత కూడా చాలా జరిగినయ్. వాటిల్లో తేలింది ఇది. కుడిచేతి వాటం ఆటగాణ్ణి మనసులో పెట్టుకుని చదవండి.

కర్రని వెనక్కి ఎత్తేటప్పుడు కండలు పెద్దగా కష్టపడవు. అది ఊపు కాదు, తయారీ. మొండెం కుడివైపు తిరిగిద్ది. భుజాలు సుమారు తొంభై డిగ్రీలు తిరిగితే తుంటి అందులో సగమే తిరిగిద్ది. ఆ తేడా వల్ల నడుం పక్క కండలూ వీపు కండలూ లాగిన రబ్బరు మాదిరి బిగుసుకుంటయ్. ఉండేలు లాగినట్టే.

కిందికి దించేటప్పుడు మొదట కదిలేది చెయ్యి అనుకుంటాం. కాదు. పైన చేతులు ఇంకా వెనక్కే పోతంటే కింద తుంటి ముందుకి తిరగటం మొదలుపెట్టిద్ది. ఈ మొదటి తోపు ఇచ్చేది కుడి పిర్ర కండలు, కుడి తొడ వెనక కండలు. ఎడమ తొడ లోపలి పక్క కండ కూడా వాటికి తోడు లాగిద్ది. గ్లూటియస్ మాక్సిమస్ అనే పిర్ర కండ మన ఒంట్లో అన్నిటికన్నా పెద్ద కండ. మనం దాన్ని కూర్చోటానికే వాడతాం, అదీ మన సంగతి!

తర్వాత నడుం. పొట్టకి రెండు పక్కలా ఏటవాలుగా ఉండే కండల్ని ఆబ్లిక్స్ అంటారు. అవి తుంటికీ భుజాలకీ మధ్య వారధి. కింద పుట్టిన తిప్పుని అవి పైకి అందిస్తయ్. వెన్ను పక్కన నిలువుగా ఉండే కండలు మడిసి ముందుకి తూలిపోకుండా పట్టుకుంటయ్.

ఆ తర్వాత ఛాతీ, వీపు. ఛాతీ మీది పెక్టోరల్ కండలు, చంకల కింద నించి నడుం దాకా రెక్కల మాదిరి పరుచుకున్న ల్యాట్స్ కండలు. వీటితోపాటు భుజం రెక్క ఎముక కింద బయటికి కనపడని సబ్‌స్కాప్యులారిస్ అనే కండ. పైభాగంలో గట్టి పని చేసేది ఈ మూడే. భుజం మీద గుండ్రంగా ఉబ్బే డెల్టాయిడ్ కండ ఉందే, జిమ్ములో అందరూ ముద్దుచేసేది, దాని పని ఈ ఊపులో తక్కువే అని ఆ పరీక్షల్లో తేలింది.

ఆఖరికి ముంజేతులూ మణికట్లూ. వీటి పని బలం పుట్టించటం కన్నా వచ్చిన బలాన్ని పారెయ్యకుండా కర్రకి అందించటం. బంతి దగ్గరికొచ్చేదాకా మణికట్టు మడిచే ఉంటది. చివర్లో విడిపోయిద్ది. చేతులు గంటకి ముప్ఫై, నలభై కిలోమీటర్ల వేగంలో ఉంటే కర్ర తల 180 దాటేది ఆ విడిపోవటం వల్లే.

ఈ లోపల ఎడమ కాలు ఊరికే ఉండదు. ముందుకొచ్చిన బరువుని గుంజ పాతినట్టు ఆపిద్ది. తుంటి అక్కడ నెమ్మదించిద్ది, నడుం అందుకునిద్ది. నడుం నెమ్మదించిద్ది, చేతులందుకుంటయ్. చేతులు నెమ్మదిస్తయ్, కర్ర దూసుకుపోయిద్ది. చెర్నాకోల ఝళిపించినప్పుడు పిడి కాడ నెమ్మది, కొస కాడ చప్పుడు. ఇదీ అదే.

ఇంకో ముచ్చట. కర్ర బంతిని తాకి ఉండేది సెకనులో రెండు వేల వంతు. మెదడు నించి చేతికి కబురు రావటానికే దానికి ఎన్నో రెట్లు టైము పట్టిద్ది. కాబట్టి తగిలే క్షణంలో చేత్తో బలంగా తొయ్యటమనేది లేదు. చెయ్యాల్సిందంతా ముందే అయిపోయుండాలి.

నిజాంపట్నం వైపు చూడండి

ఇదంతా అమెరికా సంగతి అనుకోబాకండి. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు కాలవల్లో విసురు వల వేసేవాళ్లని చూడండి. వలని చేతి మీద మడతలేసుకుని, ఒక పక్కకి తిరిగి, మోకాళ్లు కాస్త వంచి, తుంటి ముందు తిప్పి, భుజం తర్వాత తిప్పి, చివర్లో వేళ్లు వదులుతాడు. వల గాల్లో గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడిద్ది. తుంటి, నడుం, భుజం, చెయ్యి. వరస తప్పితే వల ముద్దగా పడిద్ది. గోల్ఫు ఆటగాళ్లకి కోచ్‌లు నేర్పే వరస ఇదే. మనోళ్లకి తాతలు నేర్పారు. మిషన్లు రాకముందు పనకట్టల్ని బల్లకేసి కొట్టిన మన నాన్నలు, బండ మీద తడి దుప్పట్లు ఉతికే అక్కలు, సమ్మెటతో ఇనుము సాగదీసే అన్నలు, అందరి ఒంట్లోనూ ఈ లెక్క ఉంది. దీన్ని ఎవరూ సైన్సు అనలేదు, పరీక్షలో మార్కులెయ్యలేదు. చేతిపని అని తీసి పక్కన పెట్టారు.

ఆ అమెరికా డాక్టర్లు ఇంకోటి కూడా చూశారు. ప్రొఫెషనల్ ఆటగాళ్లలో ఆడోళ్లకీ మగోళ్లకీ భుజం కండలు పనిచేసే తీరులో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. వరస అదే, కండలు అవే. కాబట్టి "ఆడపిల్లవి, నీకు చేతకాదు" అని చెల్లెళ్లని గ్రౌండులోంచి పంపించే అన్నలు ఈ ముక్క రెండుసార్లు చదవండి. బలమొక్కటే ఆట కాదని కూడా తెలుసుకోండి. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ దూరం కొట్టటంలో చాలామంది కన్నా వెనకే. అయినా టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది, గురి మీద. అదే బెంగళూరులో సి. మునియప్ప అనే మనిషి డబ్బున్నోళ్ల కర్రల సంచి మోసే క్యాడీగా మొదలై 2009లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. అవకాశం దొరికితే మోసినోడే కొడతాడు.

నా నడుం నేర్పిన పాఠం

నేను ఇవన్నీ కాలేజీలో చదవలేదు. ఇరవై ఏళ్లప్పుడు తెనాలి దగ్గర ఒక మిల్లులో బస్తాలు మోశా. 75 కిలోల ధాన్యం బస్తా. కుర్రతనం, పొగరు. నడుం వంచి, చేతుల్తో గుంజి, పక్కకి తిరిగి లారీలో వేసేవాణ్ణి. రెండు నెలలకి ఒకరోజు నడుం పట్టేసింది. మూడు వారాలు మంచం మీద ఉన్నా. కూలీ పోయింది, మందుల ఖర్చు మీద పడింది.

తిరిగి వెళ్లాక ముఠాలో ఒక పెద్దాయన పిలిచి చెప్పాడు. "ఒరే అబ్బాయ్, చేతులంటే కొక్కేలు రా. పట్టుకోటానికే. ఎత్తేది పిర్రలు. పక్కకి తిరగాలంటే నడుం తిప్పబాక, పాదం తిప్పు." ఇరవై ఏళ్ల తర్వాత పుస్తకాలు చదివితే అందులోనూ ఇదే ఉంది.

ఎందుకంటే నడుం తిరగటానికి కట్టింది కాదు. నడుం కాడ ఉండే అయిదు పూసలూ కలిసి తిరిగేది ఓ పది పదిహేను డిగ్రీలే. ఎక్కువ తిరగాల్సింది కింద తుంటి కీలు, పైన ఛాతీ భాగం వెన్ను. తుంటి బిగుసుకుపోయినోడికి ఆ తిప్పుడంతా నడుం పూసల మధ్య ఉన్న మెత్తటి డిస్కుల మీద పడిద్ది. గోల్ఫు ఆటగాళ్లకి ఎక్కువగా వచ్చే దెబ్బ నడుం నొప్పే. టైగర్ వుడ్స్ అంతటోడికి 2014 నించి 2017 లోపల నాలుగుసార్లు నడుముకి ఆపరేషన్ అయింది. 2019లో మళ్లీ వచ్చి మాస్టర్స్ గెలిచాడు.

మరి ఇక్కడ ఆలోచించండి. ఆయనకి డాక్టర్లున్నారు, ఫిజియోలున్నారు, పని మానేసి కూర్చున్నా ఇల్లు గడిచిద్ది. నాలుగు రౌండ్ల ఆటలో డ్రైవర్‌తో కొట్టే దెబ్బలు యాభై, అరవై దాటవు. గునపంతో కాలవ తవ్వే మడిసి అన్ని దెబ్బలు టీ టైములోపు కొడతాడు. హమాలీ అన్న రోజుకి ఎన్ని బస్తాలు ఎత్తుతాడో లెక్క రాసినోడే లేడు. ఆయన నడుం పోతే తిరిగొచ్చి గెలవటానికి మాస్టర్స్ ఉండదు. పిల్ల చదువు ఆగిపోయిద్ది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మగ కూలీ మోసే బరువు 55 కిలోలు మించకుండా చూడమని సిఫార్సు చేసింది. మన మిల్లుల్లో, కళ్లాల్లో ధాన్యం బస్తా ఎన్నేళ్లు 75 కిలోలు ఉందో మీ నాన్నని అడగండి.

ఇక చెయ్యాల్సింది

జిమ్ముకి డబ్బుల్లేవని బాధపడబాకండి. బడిలో అయ్యవారు శిక్షగా తీయించిన గుంజీళ్లు పిర్రకీ తొడకీ మంచి కసరత్తు. నడుం నిటారుగా పెట్టి నెమ్మదిగా తియ్యండి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిర్రలు పైకెత్తి పది అంకెలు లెక్కపెట్టండి. రెండు చేతుల్తో రెండు నీళ్ల బకెట్లు పట్టుకుని వంగకుండా నడవండి, నడుం పక్క కండలన్నీ పనిచేస్తయ్. మూడు, నాలుగు కిలోల ఇసక మూట కట్టుకుని, పాదం, తుంటి, భుజం వరసలో తిప్పి గోడకేసి కొట్టండి. రెండు పక్కలా చెయ్యండి, ఒక్క పక్కే కాదు. ముందు అయిదు నిమిషాలు ఒళ్లు వేడెక్కనివ్వండి.

బ్యాటు పట్టినా, గొడ్డలి పట్టినా పిడిని పీక నొక్కినట్టు నొక్కబాకండి. ముంజెయ్యి బిగుసుకుంటే కింద నించొచ్చిన బలం అక్కడే చచ్చిపోయిద్ది.

జబ్బ తొందరగా ఉబ్బిద్దని సూదులూ మాత్రలూ అమ్మేవాళ్లు తిరుగుతన్నారు, జాగ్రత్త. డాక్టరు రాయని స్టెరాయిడ్లు గుండెనీ కాలేయాన్నీ పాడు చేస్తయ్, మగతనం మీద కూడా దెబ్బ కొడతయ్. దానికిచ్చే డబ్బుతో గుడ్లు, వేరుశనగలు, పప్పు కొనుక్కోండి. నడుం నొప్పి కాల్లోకి దిగి తిమ్మిరెక్కినా, కాల్లో పట్టు తప్పినా సొంత వైద్యం వద్దు, డాక్టరుకి చూపించండి. మూత్రం మీద అదుపు పోతే ఆ పూటే పెద్దాసుపత్రికి పోండి.

ఇవి మనం చేసుకునేవి. అడిగి సాధించుకోవాల్సినవి వేరే ఉన్నయ్. బస్తా బరువు చట్టంలో ఉన్నంతే మోస్తామని ముఠాలు గట్టిగా అనాలి. ప్రతి మండలంలో ప్రభుత్వాసుపత్రిలో ఒక ఫిజియోథెరపిస్టు ఉండాలి. ప్రతి హైస్కూల్లో పీఈటీ మాస్టారు ఉండాలి, గ్రౌండు ఉండాలి. ఒళ్లే పెట్టుబడిగా బతికేవాళ్ల ఊళ్లో ఒంటిని గురించి చెప్పేవాళ్లు లేకపోవటం న్యాయం కాదు.

ఆ రేపల్లె కుర్రోడు మొన్న మళ్లీ కనపడ్డాడు. "అన్నా, బంతి విసిరే పరీక్ష చేశా. కూర్చుని విసిరితే పదడుగులు కూడా తేడా తెలిసింది. గుంజీళ్లు మొదలుపెట్టా. రెండ్రోజుల నించి మెట్లు దిగలేకపోతన్నా" అన్నాడు.

దిగలేకపోతే మంచిదే తమ్ముడూ. ఇన్నాళ్లూ పని లేకుండా కూర్చున్న కండ ఇప్పుడు లేచింది. ఇంటికెళ్లి మీ నాన్నకి కూడా చెప్పు, రేపటి నించి బస్తా చేత్తో ఎత్తొద్దని.